జాకెట్టు పట్టడం లేదు, ఇప్పుడేం చేద్దాం?

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక కమ్యూనిటీ హాల్లో జరిగిన మహిళల సమావేశంలో, కుట్టుపని టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి నా గొంతు వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలిచినవాళ్ళు ఏమన్నారంటే, "మేడమ్, బరువు గురించి డాక్టర్లు వచ్చి చెప్పారు, డైటీషియన్లు వచ్చి చెప్పారు, మీరు బట్టల వైపు నుంచి చెప్పండి" అన్నారు. సరే అన్నాను. నేను డాక్టర్ని కాదు. బట్ట కత్తిరించడం, కుట్టడం నేర్పినదాన్ని. ఎంతమందికి టేపు చుట్టానో లెక్క లేదు. టేపు నడుం చుట్టూ తిప్పగానే ఆడవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేస్తారు. నవ్వుతున్నారంటే మీరూ చేస్తారన్నమాట. లాగండి, నాకేం నష్టం? జాకెట్టు బిగుతుగా వస్తుంది, అంతే. ఎప్పటికైనా ఊపిరి వదలాలి కదా మీరు.

ఈ రోజు నేను మాట్లాడదామనుకున్నది ఆ దిగులు గురించి. సైజు పెరిగినప్పుడు వచ్చే దిగులు. ద్వారకానగర్‌లో ఏదో షాపుకి వెళ్తాం. ఎప్పుడూ తీసుకునే ఎక్సెల్ తీసుకుని ట్రయల్ రూంలోకి దూరతాం. చేతుల దగ్గర పట్టేస్తుంది, చంకలో ఇరుక్కుంటుంది, పోనీ తీసేద్దామంటే తలమీంచి రాదు. చెమటలు. ఇంతలో బయట నుంచి ఆ పిల్ల, "మేడమ్, డబుల్ ఎక్సెల్ తెమ్మంటారా?" అని షాపంతా వినపడేలా అడుగుతుంది. పాపం దాని తప్పేం లేదు, పని చేసుకుంటోంది. కానీ ఆ క్షణంలో ఆ కుర్తీ, ఆ షాపు, ఆ అద్దం, ఏదీ చూడాలనిపించదు. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేస్తాం.

ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పం. ఎందుకు చెప్పం? ఇంట్లోవాళ్ళకి చెప్తే "రాత్రి అన్నం మానెయ్" అంటారు. ఫ్రెండుకి చెప్తే "నువ్వేం లావు, నన్ను చూడు" అంటుంది. ఇద్దరూ మంచివాళ్ళే, కానీ ఇద్దరిలో ఎవరూ మనం చెప్పింది వినలేదు. "ఇంత చిన్నదానికి ఏడుస్తానా" అని మనకే మళ్ళీ సిగ్గు. చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం, పిల్లల్ని పెంచాం, ఒక గుడ్డముక్క దగ్గర కళ్ళల్లో నీళ్ళేంటి అని.

బాధపడకండి అని చెప్పడానికి నేను రాలేదమ్మా. వస్తుంది బాధ. నేను అడిగేది ఒక్కటే. ఆ బాధలో బట్ట వల్ల వచ్చింది ఎంత, ఒంటి వల్ల వచ్చింది ఎంత అని ఎప్పుడైనా విడదీసి చూశారా? నేను చూసినంతలో సగం పైన బట్టదే. బట్టది బట్ట దగ్గర తేల్చేస్తే, మిగిలినదాని సంగతి చూసుకునే ఓపిక మనకి వస్తుంది. అందుకే ముందు బట్ట గురించి చెప్తాను, కొంచెం లెక్కలుంటాయి, భయపడకండి.

రెడీమేడ్ కుర్తీల్లో మామూలుగా ఎల్ అంటే 40, ఎక్సెల్ 42, డబుల్ ఎక్సెల్ 44. ఛాతీ చుట్టుకొలత, అంగుళాల్లో. సైజుకీ సైజుకీ మధ్య రెండంగుళాలు. మరి ఆ మధ్యలో ఉన్నవాళ్ళు ఏమైపోవాలి? మీకు పోయినేడాది ఎక్సెల్ సరిగ్గా అంచు మీద సరిపోయిందనుకోండి, ఇప్పుడు అర అంగుళం పెరిగారు. అర అంగుళమే. షాపులో మాత్రం మీరు ఒక సైజు మొత్తం ఎగబాకినట్టు కనిపిస్తుంది. పెరిగింది అర అంగుళం, ఏడ్చింది రెండంగుళాలకి.

సరే, నిజంగానే రెండంగుళాలు పెరిగారనుకుందాం. చుట్టుకొలత రెండంగుళాలు పెరిగితే ఒంటి మీద ఎంత మందం పెరిగినట్టు? స్కూల్లో వృత్తం లెక్క చేశాం కదా, రెండు పై ఆర్. రెండుని రెండు పైతో, అంటే దాదాపు 6.28తో, భాగిస్తే అంగుళంలో మూడోవంతు కూడా రాదు. ఎనిమిది మిల్లీమీటర్లు. చిటికెన వేలి మందం కూడా లేదు. ఒళ్ళంతా సమానంగా పెరిగితే సంగతి అనుకోండి, మనకి అలా పెరగదు, వెళ్ళాల్సిన చోటికే వెళ్తుంది, నాకూ తెలుసు. అయినా ఆ ఎనిమిది మిల్లీమీటర్లు గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి. ఆ 42 ఎవరి 42? కొన్ని కంపెనీలు మీ ఒంటి కొలత రాస్తాయి, అంటే 42 ఛాతీ ఉన్నవాళ్ళ కోసం కుట్టిన కుర్తీ అని. కొన్ని కంపెనీలు బట్ట కొలత రాస్తాయి, అంటే కుర్తీయే 42, దాంట్లో లూజు పోను 40 ఉన్నవాళ్ళకి సరిపోతుందని. రెండింటి మీదా లేబుల్ ఒక్కలాగే ఉంటుంది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒక షాపులో ఎల్, పక్క షాపులో ఎక్సెల్. ఈ రెండు షాపుల మధ్య రోడ్డు దాటేలోపు లావైపోయిందా ఆవిడ? ఇంక కాటన్ అయితే మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది. 42 అంగుళాల కుర్తీ నూటికి మూడు వంతులు కుంచించుకుంటే అంగుళంపావు పోయినట్టే. ఆ అంగుళంపావు కూడా మన అకౌంట్లోనే వేసుకుని బాధపడుతున్నాం.

అసలు ఈ సైజులు ఎవరు పెట్టారండీ? మన అమ్మమ్మలకి సైజు లేదు. ఆది జాకెట్టు ఇచ్చేవారు, టైలరు దాన్ని చూసి కుట్టేవాడు, ఈసారి కొంచెం లూజు పెట్టు బాబూ అంటే పెట్టేవాడు. నెంబరు ఊసే లేదు. అమెరికాలో పోస్టులో బట్టలమ్మే కంపెనీలకి వాపసులు ఎక్కువైపోయి, అందరికీ ఒకే లెక్క ఉంటే బాగుండునని 1939, 40 ల్లో అక్కడి ప్రభుత్వం దాదాపు 15 వేల మంది ఆడవాళ్ళని కొలిచింది. ఒక్కొక్కరికి 59 కొలతలు! మళ్ళీ ఆ లెక్కల్లో తెల్లవాళ్ళని తప్ప ఇంకెవర్నీ ఉంచలేదు. దాని మీద 1958లో ఒక స్టాండర్డ్ పెట్టారు, ఎవరూ సరిగ్గా పాటించలేదు, 1983లో తీసేశారు. ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్ళది. చిన్న నెంబరు చూస్తే కొనేవాళ్ళకి సంతోషం కదా అని, బట్ట పెద్దది చేసి నెంబరు చిన్నది వేసిన కంపెనీలు కూడా ఉన్నాయి. మన దేశంలో మన ఒళ్ళు కొలిచి మన సైజుల పట్టిక తయారుచేద్దామని నిఫ్ట్ వాళ్ళు, అంటే ఫ్యాషన్ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థవాళ్ళు, ఇండియా సైజ్ అని సర్వే పెట్టుకున్నది ఈ మధ్యనే, 15 నుంచి 65 ఏళ్ళ వాళ్ళని 25 వేల మందిని స్కానర్లతో కొలవాలని. అంటే ఇన్నాళ్ళూ మనం ఎవరి కొలతలతోనో కుట్టినవాటిలో దూరడానికి తంటాలు పడుతున్నామమ్మా. దూరకపోతే తప్పు మనదనుకుంటున్నాం.

ఇప్పుడొకటి చెప్తాను, ఇది ఇంటికెళ్ళి చూడండి. మీ ఆయన ప్యాంటు, టైలరు కుట్టింది, తిరగేసి వెనక నడుం దగ్గర కుట్టు చూడండి. లోపల ఎంత గుడ్డ వదిలి ఉంటుందో. మగాళ్ళకి పొట్ట వస్తుందని టైలరుకి ముందే తెలుసు, అందుకని ముందే వదులుతాడు. పొట్ట వచ్చాక వెళ్తే అరగంటలో విప్పి ఇచ్చేస్తాడు, ఆయన వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోతాడు. ఏడ్చాడా? డైరీలో రాసుకున్నాడా? ఇప్పుడు మీ రెడీమేడ్ కుర్తీ తిరగేసి చూడండి. పక్క కుట్టు దగ్గర ఓవర్‌లాక్, అంటే అంచు కోసేసి దారం చుట్టే మెషీన్ కుట్టు, కొట్టేసి ఉంటుంది, విప్పడానికి గోరంత గుడ్డ కూడా ఉండదు. మగవాడి బట్టకి పెరిగే వీలు పెట్టారు, ఆడదాని బట్టకి పెట్టలేదు. దీని మీద నాకు నిజంగా కోపం ఉందమ్మా, అందుకే గొంతు లేచింది.

కాబట్టి కుట్టించుకునేటప్పుడు టైలరుకి గట్టిగా చెప్పండి. జాకెట్టుకి పక్కల గుడ్డ వదలమనండి. పక్కకుట్టు దగ్గర ముందు ముక్క, వెనక ముక్క, రెండు వైపులా కలిపి నాలుగు అంచులు. ఒక్కో అంచులో అర అంగుళం విప్పితే రెండంగుళాలు. అంటే ఒక సైజు! ఒక్కో అంచుకి అంగుళం వదిలితే రెండు సైజుల దాకా అదే జాకెట్టు. చీరతో వచ్చే ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లే ఉంటుంది, పెద్ద సైజుకి, చేతులు పొడుగు కావాలంటే చాలదు. మీటరు ముక్క విడిగా మ్యాచింగ్ తీసుకోండి, మొహమాటపడకండి. ఛాతీ పెరిగిందని రెడీమేడ్‌లో పెద్ద సైజు తీసుకుంటే భుజాలు జారిపోతాయి, ఎందుకంటే వాళ్ళు భుజం కూడా పెంచేస్తారు, మన భుజం ఎముక పెరగలేదు కదా. అప్పుడు ఛాతీకి సరిపోయేది కొని భుజం దగ్గర లోపలికి కుట్టు వేయించుకోండి. లావుగా కనిపించేది చాలాసార్లు ఆ జారిన భుజం వల్లే. ట్రయల్ రూంలో చేతులు కిందికి వేలాడేసి చూసుకోవద్దు. సిటీ బస్సులో పైన రాడ్డు పట్టుకున్నట్టు చెయ్యెత్తండి. కూర్చోండి. అప్పుడు తెలుస్తుంది.

లంగా నాడా గురించి కూడా చెప్పాలి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఒళ్ళు పెరిగినా నాడా అదే చోట అలాగే బిగించి కడుతుంటాం. నల్లగా మచ్చ పడుతుంది, దురద, పుండు. ఏళ్ళ తరబడి అలా ఒరుసుకుని, మానని పుండు క్యాన్సర్‌గా మారిన ఇద్దరు ఆడవాళ్ళ గురించి మన డాక్టర్లే 2024లో ఒక వైద్య పత్రికలో రాశారు. అరుదే, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ మానని పుండు ఉంటే చూపించుకోండి. నాడా బదులు వెడల్పు బెల్టు, లేదా ఎలాస్టిక్ వేయించుకోండి. మన వైజాగ్ ఉక్కపోతలో బిగుతు సింథటిక్ జాకెట్టు వేసుకుంటే చంకలో తామర రాక ఏమొస్తుంది?

ఇంక బీరువా. ప్రతి ఇంట్లో ఒక అర ఉంటుంది, "తగ్గాక వేసుకుంటాను" అర. పెళ్ళప్పటి జాకెట్లు, మొదటి జీతంతో కొన్న డ్రెస్సు. రోజూ పొద్దున్న తలుపు తియ్యగానే అవే కనిపిస్తాయి. స్నానం చేసి హాయిగా వచ్చినదానివి, బట్ట కట్టుకోకముందే ఫెయిలయ్యావు. ఇది అవసరమా? పారెయ్యమని నేను చెప్పను, పారేస్తే మీకు రాత్రి నిద్ర పట్టదు, నాకు శాపనార్థాలు పెడతారు. మూట కట్టి అటక మీద పెట్టండి. కళ్ళ ఎదురుగా మాత్రం ఈ రోజు ఒంటికి పట్టేవి ఉండనివ్వండి. నాలుగైనా చాలు. తగ్గాక కొనుక్కుందాంలే అని ఈలోపు నైటీల్లో, పాత చున్నీ కప్పుకుని తిరుగుతున్నారు చాలామంది. ఎవరిదైనా పేరంటం ఉంటే తలనొప్పి అని మానేస్తున్నారు. అది తలనొప్పి కాదు, జాకెట్టు.

పొద్దున్నే మన బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు. ఎంత అదృష్టం! ఒకావిడ, పేరెందుకులెండి, రోజూ వచ్చేది, మానేసింది. ఎందుకమ్మా అంటే ట్రాక్ ప్యాంటు పట్టట్లేదు, కొత్తది కొంటే లావయ్యానని ఒప్పుకున్నట్టు ఉంటుంది, తగ్గాక వస్తాను అంది. నడవకుండా ఎలా తగ్గుతుంది తల్లీ? ముందు ప్యాంటు కొనుక్కో, తర్వాత నడువు. నేను ఈ రోజు వచ్చింది ఈ ముక్క చెప్పడానికే అనుకోండి. ముందు బట్ట, తర్వాత మిగతావి. గిరి ప్రదక్షిణకి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు, అన్ని సైజులవాళ్ళూ నడుస్తారు. తొడలు ఒరుసుకుంటే లోపల కాటన్ సైకిల్ షార్ట్ వేసుకోండి, చెప్పుకోవడానికి సిగ్గుపడి పుండ్లతో ఇంటికి రావద్దు.

ఇప్పుడు ఒంటి సంగతి. బట్టది తేల్చేశాం కదా, ఇంక ఒంటి గురించి అబద్ధాలాడుకోవక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, మన ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది బరువు ఎక్కువున్నారని చెప్పింది. దేశం మొత్తం మీద 24. మూడోవంతు పైన మనమే ఉన్నాం, అయినా షాపులో హ్యాంగర్లకి తగిలించేవి మాత్రం చిన్న సైజులు, మన సైజు అడిగితే లోపల గోడౌన్‌లో చూడాలంటారు! సుగర్ ఎక్కువ ఉన్న ఇళ్ళు మనవి, కాబట్టి పట్టించుకోవాలి. ఎలా? డ్రెస్సు లేబుల్ చూసి కాదు. టేపుతో. ఇక్కడొక తిరకాసు ఉంది, టైలరు నడుము వేరు, డాక్టరు నడుము వేరు. నేను జాకెట్టుకి కొలిచేది ఛాతీ కింద. డాక్టర్లకి కావాల్సింది కింది పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్య. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లాగకుండా! మనవాళ్ళలో ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు, మగవాళ్ళకి 90 దాటితే జాగ్రత్తపడమంటారు. మీ కొలత కొలిచాక ఆయన్ని కూడా నిలబెట్టి కొలవండి, ఊరికే పేపరు చదువుతున్నాడు కదా.

ఉన్నట్టుండి నెలల్లో సైజు మారిపోతే, తిండి మీద నెపం పెట్టేసి ఊరుకోవద్దు. థైరాయిడ్ ఉండొచ్చు, వయసులో ఉన్న ఆడపిల్లలైతే పీసీవోడీ, అంటే అండాశయాల హార్మోన్ల సమస్య, ఉండొచ్చు, స్టెరాయిడ్ మాత్రలు, కొన్ని మానసిక సమస్యల మందులు, ఇన్సులిన్, ఇవన్నీ బరువు పెంచుతాయి. లావవుతున్నానని మీ అంతట మీరు మందు మానెయ్యకండి, ఇది మాత్రం రెండుసార్లు చెప్తున్నాను, మానెయ్యకండి, డాక్టర్ని అడగండి. నెలసరి ఆగే వయసులో కొవ్వు పొట్ట దగ్గరికి చేరుతుంది, కాటా మీద పెద్ద తేడా లేకపోయినా నడుం దగ్గర హుక్కు పెట్టదు.

ఊళ్ళోవాళ్ళ నోరు సంగతి ఎవరో చీటీ మీద రాసిచ్చారు. పెళ్ళికి వెళ్తే చాలు, "ఏటే, ఇలాగ లావయిపోనావేటే?" అని నలుగురిలో. మన ఉత్తరాంధ్ర ప్రేమ ఇలాగే ఉంటుంది, చిక్కితే "ఏటే, ఏటయిందే నీకు" అంటారు, ఒళ్ళు చేస్తే ఇదీ. నేనైతే "అవును పిన్నీ, భోజనాలు ఎక్కడ?" అంటాను. వాళ్ళ దగ్గర దానికి జవాబు ఉండదు. దీని మీద ఇంతకంటే టైము పెట్టను.

ప్రశ్నలు అడగండి. ఆ, ఎర్ర చీరావిడ.

పట్టు జాకెట్టు విప్పితే సూది రంధ్రాలు కనిపిస్తాయంటున్నారు. నిజమే, పట్టు మీద పాత కుట్టు గీత ఉండిపోతుంది. చంక కింద కాబట్టి చెయ్యి దించితే కనపడదు. లోపల గుడ్డ లేకపోతే అదే రంగు ముక్క చంక నుంచి నడుం దాకా సన్నంగా పట్టీలా వేయించండి, జరీ అంచు పెడితే ఫ్యాషన్ అనుకుంటారు.

పదో తరగతి అమ్మాయి అన్నం మానేస్తోందని వెనకావిడ అడుగుతున్నారు. అమ్మా, ఇది నా టేపుకి అందే సంగతి కాదు. ఇంట్లో ఎవరైనా, నవ్వులాటకైనా, దాని ఒంటి గురించి మాట అంటున్నారేమో ముందు చూడండి, అన్నయ్యైనా, మీరైనా. ఆ మాట ఈ రోజు నుంచే ఆపించండి. యూనిఫాం బిగుతైతే అడక్కుండానే కొత్తది కుట్టించెయ్యండి. భోజనం దాచేస్తున్నా, తిన్నది కక్కుతున్నా, నెలసరి ఆగిపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, మానసిక వైద్యులకి చూపించమంటే వెనకాడకండి. మీరు బయటికొచ్చాక నన్ను కలవండి, విడిగా మాట్లాడదాం.

వచ్చే వారం మేనకోడలి పెళ్ళి, జాకెట్టు హుక్కులు పెట్టట్లేదు, వారంలో తగ్గాలంటే ఏం తినాలి అంటున్నారు. ఏం తిన్నా జాకెట్టుకి తెలియదమ్మా వారంలో. తెచ్చారా? సంచిలో ఉందా? మరి ఇంకేం, పక్కలు విప్పుదాం. హాలు ఎనిమిదింటికి అప్పగించాలంటున్నారు, జాకెట్లు తెచ్చుకున్నవాళ్ళు ఈ టేబుల్ దగ్గరికి రండి, కుట్టు విప్పే బ్లేడు నా దగ్గర ఒక్కటే ఉంది, ఒకరి తర్వాత ఒకరు.